బల్ల ఎత్తు నేల నుంచి కొలవకండి

చేతి పనిముట్లతో కర్రపని మొదలుపెట్టాలనుకునేవాళ్ళు ముందుగా అడిగేది ఒకటే: పనిబల్ల ఎంత ఎత్తు ఉండాలి? జవాబులు కూడా తయారుగా ఉంటాయి. 34 అంగుళాలని ఒకరు, 36 అని ఇంకొకరు, మీ వంటింటి గట్టు ఎంతుందో అంతే పెట్టించుకో పొమ్మని మరొకరు. కాస్త అనుభవం ఉన్నవాళ్ళయితే చేతులు వదులుగా వేలాడేసి నిలబడమంటారు. చిటికెన వేలు అరచేతికి కలిసే చోటు నేలకి ఎంత ఎత్తులో ఉందో చూసి, బల్లా అంతే ఉండాలంటారు. ఈ ఆఖరి మాటలో కొంత న్యాయం ఉంది, కనీసం మనిషిని చూసి చెప్తున్నారు. అదీ సగం లెక్కే.

పనిచేసేది బల్ల మీద కాదు, బల్ల మీద పెట్టిన కర్ర మీద. ఆ కర్ర మీద రంద (చిత్రిక పట్టే పనిముట్టు) నడుస్తుంది, రంద వెనక పిడిని చెయ్యి పట్టుకుంటుంది. ఆ చెయ్యి మోచేతికి పైన ఉందా, కింద ఉందా, ఎంత కింద ఉంది అన్నదే తేల్చుకోవాల్సిన సంగతి. అలా లెక్కేసుకుంటూ వస్తే మన నల్లగొండ, పాలమూరు వైపు దొరికే కర్రకి, మన చెక్క రందలకి, మన ఒడ్డూ పొడుగుకి 34, 36 అంగుళాలు ఎక్కువ. నన్నడిగితే 30 దగ్గర ఆగాలి. ఒకటి అటూ ఇటూ అయినా ఫరవాలేదు.

అయిదడుగుల అయిదంగుళాల మనిషిని తీసుకుందాం. అతని మోచెయ్యి నేల నుంచి సుమారు 41 అంగుళాల ఎత్తులో ఉంటుంది. మణికట్టు 31 దగ్గర, చిటికెన వేలి మొదలు 28, 29 దగ్గర. ఇప్పుడు అతని ముందు 34 అంగుళాల బల్ల వేసి, దాని మీద దర్వాజ (గుమ్మం చట్రం) నిలువు కర్ర పెడదాం. అయిదు మూడు సైజుది. అంచు సాపు చేయడానికి అయిదంగుళాల వైపు పైకి లేపి నిలబెట్టాం. మన చెక్క రంద ఒళ్ళే రెండున్నర, మూడంగుళాల ఎత్తుంటుంది, పిడి దాని పైన ఉంటుంది. చెయ్యి పట్టే చోటు రంద అడుగు నుంచి నాలుగంగుళాలు అనుకోండి. 34కి 5, దానికి 4 కలిపితే 43. అంటే చెయ్యి మోచేతికి రెండంగుళాలు పైన!

అలా నిలబడి రంద తోసి చూడండి. భుజాలు చెవుల దగ్గరికి లేస్తాయి. మణికట్టు వెనక్కి విరుగుతుంది. ఒంటి బరువు కాళ్ళలోనే ఉండిపోయి పనంతా జబ్బల మీద పడుతుంది. రంద కర్రని కొరకకుండా జారిపోతుంది, లేదా ఒకచోట కొరికి అక్కడే దబ్బున ఆగిపోతుంది. ‘పదును పోయింది’ అనుకుని బ్లేడు తీసి సానరాయి మీద నూరతాం, మళ్ళీ బిగిస్తాం, మళ్ళీ అదే కథ.

అదే 34 అంగుళాల బల్ల మీద అంగుళం మందం పలక పరిచి, జాక్ ప్లేన్ అనే ఇనుప రంద పట్టుకోండి. ఇనుప దానిలో చెయ్యి సుమారు మూడంగుళాల ఎత్తులో పడుతుంది. 34, 1, 3 కలిపితే 38. మోచేతికి మూడంగుళాలు కింద, పనికొస్తుంది. వీడియోల్లో మనం చూసేది దాదాపు ఎప్పుడూ ఇదే: పల్చటి పలక, ఇనుప రంద, పైగా ఆరడుగుల మనిషి. బల్ల ఎత్తు మాత్రం అక్కణ్ణుంచి తెచ్చుకుని, మిగతా మూడూ మన ఇంట్లోవి పెట్టుకుంటే ఎక్కడ కుదురుతుంది?

బల్లని 30కి దించితే దర్వాజ కర్ర మీద చెక్క రంద పట్టిన చెయ్యి 39 దగ్గరికి వస్తుంది. అంగుళం పలక మీదైతే 35. రెండూ మోచేతికి కిందే. రెండు చోట్లా ముంజెయ్యి కాస్త ముందుకీ కాస్త కిందకీ వాలుతుంది, ఒళ్ళు దాని వెనకే వస్తుంది. జొన్నరొట్టె చేసే మనిషిని చూసిన వాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. పీట మీద కూర్చుని రొట్టె ఒత్తినప్పుడు అరచేతిలోకి భుజం బరువంతా దిగుతుంది. అదే మనిషి గ్యాస్ గట్టు దగ్గర నిలబడితే మడమలు లేపి ఒత్తుతుంది, లేదా కాళ్ళ కింద ఏదో ఒకటి వేసుకుంటుంది.

హైదరాబాద్‌లో ఉండే మా తమ్ముడు, చిన్నాయన కొడుకు, బాల్కనీలో 36 అంగుళాల బల్ల వేయించుకుని దాని మీద పనిచేస్తున్న వీడియో పంపాడు. అప్పుడు మా ఇంటి దర్వాజలు చేసిన చండూరు వైపు వడ్లాయన మా ఇంట్లోనే ఉన్నాడు. ఫోన్ ఆయన చేతికిచ్చాను. కళ్ళు చికిలించి చూసి, "రంద నడ్వాలంటే మనిషి గూడ నడ్వాలె గద సారూ, గీయన నిలవడ్డ కాడనే ఉన్నడు" అన్నాడు. నేను మళ్ళీ చూశాను. నిజమే. తమ్ముడి కాళ్ళు రెండూ పక్కపక్కనే పాతేసినట్టున్నాయి, మోచేతులు మాత్రం ముందుకీ వెనక్కీ ఆడుతున్నాయి. పొడుగు కర్ర మీద రంద కొట్టేవాడు వెనక కాలి మీద నుంచి ముందు కాలి మీదికి బరువు మారుస్తూ, అవసరమైతే ఒకటి రెండు అడుగులు వేస్తూ పోవాలి. బల్ల ఎత్తుగా ఉంటే కాలు కదిపినా ఆ బరువు రంద దాకా రాదు. అందుకని మనిషి కాలు కదపడం మానేస్తాడు.

చెక్క రందలకి తక్కువ ఎత్తు బల్ల అన్నది మన ఒక్కళ్ళ సంగతి కాదు. ఇనుప రందలు ఇంటింటికీ రాకముందు యూరప్‌లోనూ అంతే. 18వ శతాబ్దంలో పారిస్‌లో పనిచేసిన ఆండ్రే రూబో అనే వడ్రంగి, బల్ల ఎత్తు పనివాడి తొడల పైభాగం దాటకూడదని రాశాడు. అంగుళాలు చెప్పి ఊరుకోకుండా ఒంటిని చూపించాడు, అక్కడ నాకు ఆయన నచ్చాడు. ఇనుప రంద వచ్చాక చెయ్యి ఒక అంగుళం, అంగుళంన్నర కిందికి దిగింది, ఆ మేరకి బల్ల పైకి లేచినా తేడా తెలియలేదు. కరెంటు మిషన్లు వచ్చాక ఇంకా లేచింది, ఎందుకంటే మిషన్‌కి మన బరువుతో పనిలేదు. దాన్ని పట్టుకుని నడిపిస్తే చాలు.

అవతలి పక్షం వాదన కూడా చెప్పాలి, అది చిన్నదేం కాదు. ఇంగ్లండుకు చెందిన పాల్ సెల్లర్స్ ఎన్నో ఏళ్ళుగా చేతిపని నేర్పుతున్న మనిషి. ఆయన 38 అంగుళాల బల్ల వైపు. ఆ పక్షం చెప్పేది ఇదీ: బ్లేడు పదునుగా ఉంటే రందని కిందికి అదమక్కర్లేదు, పదునే దాన్ని కర్రలోకి లాక్కుంటుంది. వంగే పని లేదు, నడుం నొప్పి లేదు. పదును గురించి చెప్పింది అక్షరాలా నిజం. పైన్‌లాంటి మెత్తటి, నార తిన్నగా ఉన్న కర్ర మీద పల్చటి పొర తీసేటప్పుడు నేనూ ఒప్పుకుంటాను.

మన కర్ర అది కాదు కదా. మన దగ్గర టేకు అంటే ఎక్కువగా పాత మిద్దెలు కూలగొట్టినప్పుడు వచ్చిన దూలాలు. టేకులో సహజంగానే సిలికా ఉంటుంది, అంటే కర్రలోనే సన్నటి ఇసక ఉన్నట్టు. పైన వందేళ్ళ దుమ్ము, సున్నం. పొద్దున నూరిన బ్లేడు ముంజేతి మీద వెంట్రుకలు గీసేంత పదునుగా ఉన్నా, మధ్యాహ్నానికి ఆ పదును ఉండదు. వేప కర్రలో నార ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరుగుతుంది. ఒకవైపు నుంచి తోస్తే నున్నగా వచ్చిన చోటే జానెడు అవతల రేగిపోతుంది. తుమ్మ గురించి చెప్పనే అక్కర్లేదు, నాగళ్ళకీ బండి చక్రాలకీ దాన్ని వాడింది ఊరికే కాదు. ఇలాంటి కర్ర మీద రోజంతా పనిచేయాలంటే పదునుతోపాటు బరువూ కావాలి. ఆ బరువు కోసం జబ్బలు అరగదీసుకోవడం కంటే ఒంటిని వాడుకోవడం మేలు. 38 అంగుళాల బల్ల దగ్గర మా అయిదున్నర అడుగుల ఒంటిని వాడుకునే వీలు లేదు.

ఇక, అసలు బల్లే లేకుండా పనిచేసిన వాళ్ళ సంగతి. మన ఊళ్ళలో వడ్లాయన పనంతా నేల మీదే జరిగేది. వేపచెట్టు కింద జానెడు ఎత్తు చింతమొద్దు, దాని మీద కర్ర, కర్ర కదలకుండా కాలి బొటనవేలు, చేతిలో బాడిస. బాడిసతో చెక్కాలంటే దెబ్బ పైనుంచి కిందికి, తనవైపుకి పడాలి. నడుము ఎత్తులో ఉన్న బల్ల మీద ఆ పని కుదరదు, కుదిరినా ప్రమాదం. నాగలి, గుంటుక, కాడి, మేడి అన్నీ బాడిసతో అయ్యేవే. కాబట్టి నేలే వాళ్ళ బల్ల. ఎత్తు సున్నా అంగుళాలు. ట్రాక్టర్లు వచ్చి నాగలి అటకెక్కింది, టైరు బండి వచ్చి చెక్క చక్రం పోయింది, బాడిస పని తగ్గి రంద పని, రంపం పని పెరిగాయి. అప్పుడు మనిషి లేచి నిలబడ్డాడు. పనిముట్టు మారితే ఎత్తు మారింది, అంతే. కూర్చుని చేస్తే మోటు పని, నిలబడి చేస్తే నైపుణ్యం అనుకునేవాళ్ళు జపాన్ వడ్రంగులని ఒకసారి చూడాలి. నేల మీద కూర్చుని, రంపం, రంద తమవైపుకి లాగుతూ వాళ్ళు వేసే అతుకులు ఎంత సన్నగా ఉంటాయో. క్రీ.శ. 79లో అగ్నిపర్వతం కింద పూడుకుపోయిన హెర్క్యులేనియం అనే రోమన్ల ఊళ్ళో దొరికిన గోడబొమ్మలో కూడా కర్ర కోస్తున్నది మోకాలి ఎత్తు బల్ల మీదే. ఈమధ్య అమెరికాలో కొందరు సరదాపడి అలాంటి పొట్టి బల్లలు మళ్ళీ చేసుకుంటున్నారు. మన వడ్లాయన చేస్తే వెనకబాటు, రోమ్ వాళ్ళు చేస్తే చరిత్ర!

ఆ పొట్టి ఎత్తు ఇప్పటికీ పనికొస్తుంది. దర్వాజ కర్రలో బెజ్జం కొట్టేటప్పుడు చూడండి. 30 అంగుళాల బల్ల మీద మూడు, నాలుగంగుళాల కర్ర, దాని మీద నిలబెట్టిన పదంగుళాల ఉలి. ఉలి తల 43, 44 అంగుళాల ఎత్తుకి పోతుంది. సుత్తె దెబ్బ పడాల్సిన చోటు మోచేతికి పైన. కాసేపటికే చెయ్యి లాగేస్తుంది, దెబ్బ పక్కకి పోతుంది. అదే కర్రని అడుగున్నర ఎత్తు స్టూళ్ళ మీద వేసి, దాని మీదే ఒక తొడ ఆనించి కూర్చుంటే, ఉలి తల నడుము దగ్గరుంటుంది, కర్ర కదలదు, బిగించడానికి ఏ వైసూ అక్కర్లేదు. మా వడ్లాయన బల్ల ఖాళీగా ఉన్నా బెజ్జాలకి కిందికే దిగుతాడు. పొడుగు పలకలు నిలువునా కోయడానికీ అదే ఎత్తు: మోకాలు పలక మీద అదిమి, రంపం ఏటవాలుగా దించడమే.

సన్నపనికి మాత్రం దీనికి పూర్తిగా తిరగబడాలి. సొరుగు పెట్టె మూలల అతుకులకి గీత గీసి ఆ గీత వెంట రంపం పెట్టాలంటే కన్ను దగ్గరగా ఉండాలి, బరువుతో పనిలేదు. 30 అంగుళాల బల్ల మీద వంగి ఆ పని చేస్తే అరగంటలో మెడ పట్టేస్తుంది. బల్ల పొట్టిగా ఉంటే నడుం పోతుంది అనేవాళ్ళలో చాలామంది ఈ పనినే తలచుకుని అంటారు. పొట్టి బల్ల మీద రంద కొడితే నడుం నొప్పి రావడం తక్కువ, ఎందుకంటే అక్కడ ఒళ్ళు ఊగుతూ ఉంటుంది, వంగి బిగుసుకుని ఉండదు. నొప్పి వచ్చేది కదలకుండా వంగి గీతని చూస్తూ ఉండిపోయినప్పుడు. దానికి మందు బల్లని పెంచడం కాదు. బల్ల మీద ఎనిమిది, తొమ్మిది అంగుళాల ఎత్తు చిన్న పైపీట ఒకటి చేసుకుని, సన్నపని ఉన్నప్పుడు పెట్టుకోవాలి, పనయ్యాక కింద పడేయాలి. పొట్టి బల్లని అలా క్షణంలో ఎత్తు చేయొచ్చు. ఎత్తు బల్లని పొట్టి చేయాలంటే మనిషే ఏదో ఒకటి ఎక్కి నిలబడాలి.

నా 30 అంగుళాల పట్టుదల చెల్లని చోటు ఒకటుంది, మా జిల్లాలో ఉండి ఆ మాట దాటేయడం భావ్యం కాదు. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగిన తరాలున్నాయి. నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారంటే మా గొప్ప అర్థం చేసుకోండి. ఆ నీళ్ళతో వచ్చే జబ్బు ఎముకలకి పాకితే వెన్ను, మెడ, మోకాళ్ళు బిగుసుకుపోతాయి. అలాంటి మనిషికి ముందుకి వాలు, బరువు మార్చు, కింద కూర్చుని బెజ్జం కొట్టు అని చెప్పడం పరిహాసం. వాలలేని వెన్నుకి 36 కావాలంటే 36, 38 కావాలంటే 38. అక్కడ సెల్లర్స్ పక్షమే గెలుస్తుంది: బ్లేడు మాటిమాటికీ నూరుకోవడం, పల్చటి పొరే తీయడం, రంద అడుగున కొవ్వొత్తి రాయడం. పని నిదానంగా సాగినా మనిషి నిలబడతాడు. చెక్క రంద మాని ఇనుపది తీసుకుంటే అక్కడా ఒక అంగుళం కలిసొస్తుంది. మోకాళ్ళు అరిగిన పెద్దవాళ్ళకీ ఇదే మాట.

సరే, మీ ఎత్తు మీరెలా తేల్చుకోవాలి? ‘ముందు ఎత్తుగా చేసుకో, ఎక్కువైతే కాళ్ళు కోసుకోవచ్చు’ అని ఒక సలహా తిరుగుతూ ఉంటుంది. వినడానికి తెలివైన మాటే, ఆచరణలో ఎవరూ కోయరు. వంద కిలోల బల్లని తిరగేసి, నాలుగు కాళ్ళూ ఒకే లెక్కకి కోసి, మళ్ళీ నిలబెట్టడానికి ఇంకో ముగ్గురు కావాలి. ఈ ఆదివారం, వచ్చే ఆదివారం అనుకుంటూనే భుజాలు ఆ ఎత్తుకి అలవాటుపడిపోతాయి. పొట్టిగా చేసి కాళ్ళ కింద చెక్కలు వేయడం ఒక్కడు చేయగల పని.

అసలు బల్ల చేయకముందే చెక్కముక్కలతో చూసుకోవడం ఇంకా మంచిది. గట్టి పాత టేబుల్ ఏదైనా, 28 అంగుళాల దగ్గరున్నది తీసుకోండి. డైనింగ్ టేబుల్ అయితే మామూలుగా 30 ఉంటుంది, దానితోనూ మొదలుపెట్టొచ్చు, ఇంట్లోవాళ్ళు ఊరుకుంటే. గోడకి ఆనించి, కాళ్ళ కింద చెక్కముక్కలు పెడుతూ తీస్తూ, మీరు నిజంగా చేయబోయే కర్రనే, మీ దగ్గరున్న రందనే పట్టుకుని చూడండి. ఖాళీ చేతులు ఊపి చూస్తే ఏమీ తెలియదు. చెప్పులతో పనిచేస్తారో ఉత్త కాళ్ళతో చేస్తారో అలాగే నిలబడండి, అక్కడే అంగుళం తేడా వస్తుంది. కాసేపు పనయ్యాక ఒంటిని గమనించుకోండి. మెడ కింద, భుజాల మీద బిగువు వచ్చిందంటే బల్ల ఎత్తు. పిక్కలు, తొడలు అలిసి భుజాలు తేలిగ్గా ఉంటే సరిపోయింది. నడుం పట్టిందంటే బల్లని అనుమానించే ముందు కాళ్ళు చూసుకోండి: రెండూ పక్కపక్కనే ఉంటే తప్పు బల్లది కాదు.

నేల సంగతి కూడా మర్చిపోవద్దు. షెడ్డులో మట్టినేల అయితే బరువైన బల్ల కాళ్ళు మొదటి వానకే దిగుతాయి, కింద బండముక్కలు వేసుకోవాలి. షాబాద్ బండల మీదైతే దిగదు కానీ జారుతుంది. రంద తోసిన ప్రతిసారీ బల్ల కూడా ముందుకు పోతుంటే ఎత్తు ఎంత సరిగ్గా ఉన్నా దండగ. కాళ్ళ కింద పాత టైరు రబ్బరు ముక్కలు పెడితే ఆగుతుంది.

సామిల్లుకి వెళ్ళి కర్ర కోయించేటప్పుడు కాళ్ళ పొడవు చెప్పడంలో తొందరపడకండి. పైపలక మూడంగుళాలైతే 30 అంగుళాల బల్లకి కాళ్ళు 27. పలకలోకి దిగే కుసి (కాలి కొసన చెక్కిన నాలుక) ఉంటే దాని పొడవు అదనం, బండముక్కలు, రబ్బరు వేస్తే ఆ మందం తగ్గింపు. వేప పలక ఆరేకొద్దీ మెలి తిరుగుతుంది, ఏడాదికో రెండేళ్ళకో మళ్ళీ రంద పట్టాల్సి వస్తుంది, పట్టిన ప్రతిసారీ కాస్త మందం పోతుంది. అందుకని నేనైతే కాళ్ళకి అర ఇంచీ ఎక్కువే చెప్తాను. కోయగా మిగిలిన ముక్కలు సామిల్లులో వదిలేయకుండా సంచీలో వేసుకు రండి, పైపీట కాళ్ళకి సరిపోతాయి.